నిండు బ్రతుకు

“నిండు నూరేండ్లు బ్రతుకుము” అని పెద్దలు దీవింతురు. దీవించువారును, దీవెన నందువారును నూరేండ్ల మాటనే తలతురు గాని ‘నిండు’ అను మాటను అంతగా పట్టించుకొనరు. ఏండ్లు నిండుట వేరు, బ్రతుకు నిండుట వేరు. ఈ భేదమును గూర్చి ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళ అమెరికా కవులు మిక్కిలి తలపోసిరి. అందుకు కారణము లేకపోలేదు. ఆ దేశమున అప్పటికి పల్లెలు పలుచబడి పట్టణములు పెరుగుచుండెను. 1920 నాటి జనాభా లెక్కలలో మొదటిసారిగా పట్టణవాసుల సంఖ్య పల్లెవాసుల సంఖ్యను మించెను. తాతలు దున్నిన పొలమును విడిచి యువకులు కర్మాగారములకును కచేరీలకును పోవుచుండిరి. పాత బ్రతుకు చెదరినది. క్రొత్తది ఇంకను కుదురుకొనలేదు. అట్టి వేళ, ఎట్లు బ్రతికినచో బ్రతికినట్లు అను ప్రశ్న పుట్టుట సహజము.

ఎడ్గార్ లీ మాస్టర్సు (1868–1950) ఇల్లినాయ్ రాష్ట్రపు చిన్న ఊళ్ళలో పెరిగి, చికాగో నగరమున న్యాయవాదిగా నుండెను. 1914లో ఆయన మారుపేరుతో ఒక పత్రికలో కొన్ని చిత్రమైన ఖండికలను ప్రకటింపసాగెను. మరుసటి యేడు అవి స్పూన్ రివర్ అను కల్పిత గ్రామము పేర గ్రంథముగా వెలువడెను. ఆ గ్రామపు శ్మశానవాటికలో నిద్రించు మృతులు ఒక్కొక్కరే నోరు విప్పి తమ కథను తామే చెప్పుకొందురు. అట్టివారు రెండువందలకు పైబడి యున్నారు. వైద్యుడు, న్యాయాధిపతి, త్రాగుబోతు, గృహిణి – అందరును కలరు. మరణించినవానికి దాపరికమెందులకు? బ్రతికియున్నప్పుడు ఊరివారికి వెరచి దాచిన మాటలన్నియు ఇప్పుడు బయటపెట్టుదురు.

వారిలో జార్జి గ్రే అను నొకడు కలడు. అతని సమాధిరాతిపై తెరచాప చుట్టి రేవున నిలిపిన పడవ బొమ్మ చెక్కబడియున్నది. ప్రయాణము ముగించి సుఖముగా ఒడ్డు చేరినాడని చెక్కినవారి భావము కాబోలు. గ్రే మాత్రము ఆ బొమ్మ తన మరణమునకు కాదు, తన జీవితమునకే తగినదని చెప్పుచున్నాడు. అతడు ప్రేమకు వెరచెను, దుఃఖమునకు వెరచెను, పెద్ద ప్రయత్నమేదియు తలపెట్టుటకు వెరచెను. అయినను బ్రతుకుపై ఆకలి చావలేదు. కట్టుత్రాటిని తాను విప్పుకొనలేక, సముద్రపు హోరు వినుచు రేవుననే చివికిపోయిన పడవ అతడు.

అదే వాటికలో లుసిండా మాట్లాక్ అను వృద్ధురాలు కలదు. మాస్టర్సు తన నాయనమ్మను మనసున నుంచుకొని ఈమెను చిత్రించెను. పడుచుదనమున చాండ్లర్‌విల్ అను ఊరి నాట్యములకు పోయినది. పెండ్లాడి డెబ్బది యేండ్లు కాపురము చేసినది. పండ్రెండుగురు బిడ్డలను కన్నది. ఆమెకు అరువది యేండ్లు రాకమునుపే వారిలో ఎనమండుగురు కన్నుమూసిరి. వడకినది, నేసినది, ఇల్లు చక్కదిద్దినది, రోగులకు పరిచర్య చేసినది, తోట పెంచినది. సెలవు దొరికిన నాడు పొలముల వెంట తిరిగినది, ఏటియొడ్డున గుల్లలేరినది, కొండలు మారుమ్రోగునట్లు పాడినది. తొంబదియారవ యేట, ఇక చాలుననుకొని కన్నుమూసినది.

ఈ రెండు ఖండికలను ప్రక్కప్రక్కన నుంచి చదువువారు, గ్రే సాహసింపలేదు గనుక చెడెను, కావున అందరును సాహసములు చేయవలెను అని త్వరపడి తీర్మానింతురు. అట్లయినచో లుసిండా చేసిన సాహసమేమి? ఆమె సముద్రము దాటలేదు, రాజ్యమేలలేదు, ఆమె పేరు ఏ పత్రికయు అచ్చువేయలేదు. భేదము ప్రయాణములో లేదు. గ్రే తలుపు మూసికొని కూర్చుండెను. ఆమె తలుపు తీసియుంచెను. తీసిన తలుపున చుట్టములును వత్తురు, చావును వచ్చును. ఎనిమిది మారులు వచ్చినది. ఆమె మరల తలుపు మూయలేదు. గ్రంథము మొత్తములో దీనిని మించిన ధైర్యము అరుదు.

అయితే లుసిండా పోవుచు పోవుచు తరువాతి తరమువారిని గట్టిగా మందలించును. వారి నిరాశయు, విసుగును, కోపమును ఆమెకు వింతగా తోచినవి. ఈ మందలింపు న్యాయమేనా? ఎనమండుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి నోట అది చెల్లును. అదే మాటను పడకకుర్చీలో నొరగిన పెద్దమనుష్యుడు, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు యంత్రము చెంత నిలుచు కుర్రవానితో అన్నచో చెల్లదు. పొలమున పాడుకొనవచ్చును, యంత్రము చెంత తన పాట తనకే వినబడదు. నిండుగా బ్రతుకుటకు మనసొక్కటే చాలదు, చోటు కూడ కావలెను. మాస్టర్సు ఆ ముసలమ్మపై ప్రేమచేత ఈ సంగతిని కొంత విస్మరించెననక తప్పదు.

దానిని విస్మరింపనివాడు ఎడ్విన్ ఆర్లింగ్టన్ రాబిన్సన్ (1869–1935). ఆయన 1910 నాటి గ్రంథమున మినివర్ చీవీ అను వాడు కనబడును. తాను ఆలస్యముగా పుట్టితినని వాని దుఃఖము. కత్తులును, గుఱ్ఱములును, కవచములును గల వీరుల కాలమున పుట్టియుండవలసినదని కలలు కనుచు, తల గోకికొనుచు, త్రాగుచు దినములు పుచ్చును. రాయలవారి కొలువున పుట్టలేకపోతిమని నిట్టూర్చువారు తెలుగునాటను లేకపోలేదు. వారు ఈ ఖండికను చదువుట మంచిది! పాఠకుడు చీవీని చూచి నవ్వును. కవి నవ్వు మాత్రము వేరు. రాబిన్సన్ స్వయముగా చాలకాలము పేదరికము ననుభవించెను. న్యూయార్కున భూగర్భ రైలుమార్గము త్రవ్వుచోట చిన్న కొలువు చేసెను. అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు ఆయన కవిత్వమును మెచ్చి 1905లో సుంకపు కచేరీలో ఉద్యోగమిప్పించెను. పనికిరానివాడని లోకము త్రోసివేయుట ఎట్లుండునో ఎరిగినవాడు గనుక, ఆయన చీవీని వెక్కిరించెనే గాని తిట్టలేదు.

ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే (1892–1950) త్రోవ వీరందరికిని భిన్నము. 1920లో ఆమె ప్రకటించిన నాలుగు పాదముల ఖండికలో ఒక క్రొవ్వొత్తి రెండు కొసలను మండుచుండును. అది రాత్రి గడచువరకు నిలువదు; అయినను దాని వెలుగు సుందరము. మొదటి ప్రపంచయుద్ధము అప్పుడే ముగిసినది. ఆ యేడే అమెరికా స్త్రీలకు దేశమంతట ఓటుహక్కు రాజ్యాంగమున చేరినది. యువజనులు ఆ ఖండికను జెండావలె నెత్తికెత్తుకొనిరి. త్వరగా కరగిపోవుటయే నిండు బ్రతుకని వారు తలచినచో, అది ఖండిక తప్పు కాదు, వారి తొందర. మిలే 1923లో పులిట్జర్ బహుమానమందిన కవయిత్రి. పదునాలుగు పాదముల సానెట్టును ఆమెవలె నియమము తప్పక వ్రాయుటకు, ఒక్క కొసను మాత్రమే వెలిగించి నిదానముగా మండు దీపము కావలెను.

రాబర్ట్ ఫ్రాస్టు (1874–1963) కొంతకాలము న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున కోళ్ళను పెంచుచు సేద్యము చేసినవాడు. ఆయన ఒక ఖండికలో ఊరికి దూరముగా ఒంటరిగా పెరుగు పిల్లవాడు బర్చి చెట్టు నెక్కును. చిటారునకు పోవుసరికి ఆ సన్నని చెట్టు వంగి వానిని మెల్లగా నేలపై దించును. ఈ లోకము విసిగించినప్పుడు తానును అట్లే పైకి పోయి మరల దిగి రావలెనని కవి కోరుకొనును. దిగి వచ్చుటలోనే ఫ్రాస్టు ప్రత్యేకత కలదు. మంచు కురియు అడవి ముందు నిలిచిపోవలెననిపించినను, చేయవలసిన పనులు తలచుకొని కదలిన బాటసారిని గూర్చి ఆయన వ్రాసిన ఖండిక 1923లో వెలువడెను. 1964లో మరణించిన జవహర్‌లాల్ నెహ్రూ దాని చివరి పాదములను వ్రాసికొని దగ్గర నుంచుకొనెను.

ఇంతకును నిండు బ్రతుకనగా ఎడతెగని పనియే యని తలచువారికి మాస్టర్సు మరియొకనిని చూపును. ఫిడేలు జోన్సునకు నలువది యెకరముల పొలము కలదు. నాగలి పట్టబోవుసరికి ఎవరో యొకరు వచ్చి నాట్యమునకో వనభోజనమునకో పిలుచుకొనిపోవుదురు. నలువది యెకరములు నలువదిగానే మిగిలెను, ఫిడేలు విరిగెను, విచారము మాత్రము లేదు. ఊరిలోని పొదుపరులు అతనిని సోమరియనియే యందురు. అయినను గ్రంథారంభమున శ్మశానమును వర్ణించు ఖండికలో అందరి తరువాత వచ్చు పేరు అతనిదే. మాస్టర్సు న్యాయవాదియయ్యు, ముసలమ్మకును జోన్సునకును నడుమ తీర్పు చెప్పలేదు. ఆమె పడుచుదనమున చాండ్లర్‌విల్‌లో నాట్యమాడినప్పుడు, ఎవరో యొక జోన్సు నాగలిని చాలులో విడిచివచ్చి ఫిడేలు వాయించియే యుండవలెను గదా!