జంటక్రియల చిక్కు

పాఠశాలలో ఏండ్ల తరబడి ఆంగ్లము చదివి, వ్యాకరణ నియమములను కంఠస్థము గావించి, లాటిను మూలముగల దీర్ఘపదములకు సైతము తడుముకొనక అర్థము చెప్పగల విద్యార్థి, 'గివ్', 'అప్' అను రెండు చిన్నమాటలు జతగూడి ఎదురైనంతనే తెల్లబోవుట మన యుపాధ్యాయులందరు నెరిగిన విషయమే. ఒకడు పొగత్రాగుట మానుకొన్నను, బండిలో ముదుసలికి తన చోటు విడిచి యిచ్చినను, అపరాధి తనంత తాను రక్షకభటులకు లొంగిపోయినను, బంధువులు రోగి బ్రదుకునన్న ఆశ వదలుకొన్నను ఆంగ్లేయుడు 'గివ్ అప్' అనియే చెప్పును. 1611 నాటి ఆంగ్ల బైబిలులో ప్రాణము విడుచుటకును ఈ జంటయే వాడబడినది.

ఈ క్లేశము మనకొక్కరికే కలిగినది గాదు. 1755లో తన నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ ఇట్టి క్రియలు అన్యదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని పీఠికలోనే యంగీకరించి, వానిని శ్రద్ధతో సేకరించెను.

అయినను ఈ యర్థములన్నిటిలో ఏకసూత్రత కలదు. అలవాటు గాని, చోటు గాని, స్వేచ్ఛ గాని, ఆశ గాని, తుదకు ప్రాణమే గాని, తనదైన దానిని పూర్తిగా విడుచుటయే వాని సారము. 'అప్' అనునది ఇచ్చట పని ముగియుటను తెలుపుచున్నది. 'ఈట్ అప్', 'యూజ్ అప్' అనునపుడును అంతియే. తెలుగువానికి ఇందులో వింత యేమున్నది? తినుట వేరు, తినివేయుట వేరు. 'పిల్లవాడు బెల్లమంతయు తినివేసెను' అన్నప్పుడు వాడు దేనినో విసరివేసెనని యెవరును తలపరు. వ్రాసికొనుట తనకొఱకు, వ్రాసిపెట్టుట పరులకొఱకో ముందునాళ్లకొఱకో, వ్రాసివేయుట పని ముగించుటకు: ఈ తారతమ్యమును అక్షరము నెరుగని తల్లియు ఏనాడును పొరపడక పాటించును. ఇంతటి సూక్ష్మజ్ఞానము ఇంటనే అబ్బిన బిడ్డకు ఆంగ్లపు జంటక్రియ బ్రహ్మవిద్య యగుట మన బోధనలోని లోపమే గాని బిడ్డ లోపము గాదు.

ప్రయోగమున మాత్రము కొంత జాగరూకత వలయును. కర్మ నామవాచకమైనచో 'అప్'నకు ముందైనను వెనుకనైనను నిలుచును. సర్వనామమైనచో నడుమనే నిలువవలెను. 'గివ్ ఇట్ అప్' అనుట సాధువు, 'గివ్ అప్ ఇట్' అనుట అసాధువు. 'గివ్ అప్ స్మోకింగ్' అనవలసినచోట 'గివ్ అప్ టు స్మోక్' అనరాదు. పరుల యొత్తిడికి తలయొగ్గుటను 'గివ్ ఇన్' అందురు. దానిని దీనితో కలుపరాదు.

ఇన్ని ఛాయలు గల క్రియకు ఎదురుగా 'వదలుట' యని యొక్కమాట వ్రాసి, అట్టివానిని వందలకొలదిగ జాబితాలు గట్టి బట్టీ పట్టించు చౌకబారు పుస్తకములు మన విద్యార్థులకు తీరని యపకారము చేయుచున్నవి. నిఘంటుకర్తలు ఒక్కొక్క యర్థమునకు ఒక్కొక్క సజీవ వాక్యమును, దానికి సరితూగు తెలుగు క్రియను చూపుదురు గాక. ఉపాధ్యాయులు ఆ జాబితాలను నేడే విడిచిపెట్టుదురు గాక యని మా ప్రార్థన.