బడి బండి వంతు

సాయంకాలము నాలుగు గంటలగునప్పటికి హోసూరులో మన పిల్లలు చదువు తెలుగు బడి గేటు ముందర బండ్లు బారు తీరి నిలుచుట పాఠకులెల్లరు ఎరిగినదే. ఆటోలు, స్కూటర్లు, రెండు మూడు కార్లు. ఆ కార్లలో గాని ఆటోలలో గాని ఒక్క ఇంటి పిల్లలే ఎక్కుట అరుదు. నేడు ఒకరి వంతు, రేపు వేరొకరిది. మా బాల్యమున వీధిలోని పెద్దాయన యొకరు పిల్లల నందరను వెంటబెట్టుకొని నడిపించుకొని పోయెడివారు. తరువాత రిక్షా వచ్చినది, పిమ్మట ఆటో, ఇప్పుడు కారు. వంతు మాత్రము నిలిచినది.

దినమంతయు అంగళ్లలో తమిళమును కన్నడమును మాటలాడు మనవారికి ఆ గేటు ముందరి అరగంటయే తెలుగు ముచ్చటలకు దొరకు సమయము. పెండ్లి సంబంధముల మాట తరచుగా అచ్చటనే మొదలగును. ఆవకాయ జాడీలు చేతులు మారుటయు అచ్చటనే.

ఈ వంతు ఇటీవల సడలుచున్నది. గత మాసమున ఒకనాడు వంతుదారు రాలేదు, కబురైనను పంపలేదు. నలుగురు పిల్లలు చీకటి పడువరకు కాపలాదారు వద్ద కూర్చుండిరి. ప్రతి ఇంటివారును మరియొకరు తెచ్చుచున్నారని తలచిరి. వారిలో రెండిండ్లవారు వచ్చే యేడు పిల్లలను వీధి చివరి ఇంగ్లీషు బడికి మార్చుదుమనుచున్నారు. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

అయినను ఒక లెక్క చెప్పక తీరదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, తరగతిలో 10 మంది గాని బడి మొత్తమున 40 మంది గాని అల్పసంఖ్యాక భాషా బాలలున్నచో వారి భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1956లో 7వ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. మన పెద్దలు మహజరు పెట్టినప్పుడెల్ల ఆ పదిని పట్టుకొనియే అడిగినారు. ఒక్క కారులో వచ్చు నలుగురు పిల్లలు ఆ పదిలో నలుగురు! ఇక 2009 నాటి విద్యాహక్కు చట్టమునకు కేంద్రము చేసిన నియమములు ఐదవ తరగతి వరకు పిల్లలకు కిలోమీటరు లోపల బడి యుండవలెనన్నవి. ఆ కిలోమీటరు ఏ భాష బడితోనైనను తీరును. తెలుగు బడి దూరమును మనమే మోయవలయును.

కనుక వంతుల పట్టికను వ్రాసి సంఘము గోడకు తగిలింప నిశ్చయించితిమి. రాలేనివారు మధ్యాహ్నము లోపల మరియొకరిని ఒప్పించి కబురు పంపవలెను. పెట్రోలు ఖర్చు పంచుకొనవలెను. కూలి చేసి బ్రదుకు ఇండ్లవారిని మాత్రము అడుగరాదు. ఆటోలో పదిమందిని కుక్కుటకు మేము సమ్మతింపము, ఎవరెంత అలిగినను సరే.

జూనులో బడి తెరచులోపల పేర్లు వ్రాయించుడు. బండి లేనివారు వెనుదీయ నక్కరలేదు. గేటు వద్ద నిలిచి, ఏ పిల్ల ఏ బండి ఎక్కెనో చూచి వ్రాసికొనువారును మాకు కావలయును.