పాత పిస్తోలుకు కొత్త గుర్రం

పోయినదానిని పూరించవలెననే కోరిక మానవునకు సహజం. చెదలు తిన్న తాటాకులో రాలిపోయిన అక్షరం కావచ్చు, కూలిన గోపురం మీది కలశం కావచ్చు, లోటు కంటబడినంతనే మన చేయి ఊరకుండదు. ఈ కోరికను నేను తప్పుపట్టను. కాని పూరణకూ మోసానికీ నడుమనున్న గీత మిక్కిలి సన్ననిది. పనివాని నేర్పు పెరిగినకొద్దీ అది మరింత సన్నగిల్లుతుంది. ఆ గీత ఎక్కడ గీయవలెనో తేల్చుకొనటానికి ఒక చిన్న వస్తువును ఉదాహరణగా తీసికొందాం. అది చెకుముకి పిస్తోలు. సాహిత్యానుబంధంలో పిస్తోలుకు చోటేమిటని సహృదయులు నొసలు చిట్లించవచ్చు. తాళపత్ర గ్రంథం పరిష్కర్తకు పెట్టే చిక్కులన్నీ ఈ వస్తువు కూడ పెడుతుందని కాస్త ఓపికతో చదివినవారికి తెలియగలదు.

మా పడమటి కర్నూలు సీమవారికి ఇది గాలిలో పుట్టిన ప్రశ్న కాదు. ఆదవాని కొండకోట విజయనగర ప్రభువుల చేతినుండి 1568లో బిజాపురపు ఆదిల్‌షాహీల వశమైనది. వారి తరఫున సిద్ది మసూదుఖాను ఏలినాడు. ఊరిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. ఆ వెనుక మొగలులు, వారి వెనుక నిజాములు వచ్చారు. నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగు ఆదవానిని జాగీరుగా అనుభవిస్తూ ఫ్రెంచి సేనానులను కొలువులో పెట్టుకొన్నాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకొన్నాడు. 1800లో ఈ సీమ అంతా కుంఫిణీవారికి దత్తమైనది. ఇన్ని సైన్యాలు నడచిన నేలలో, ఏ పాత ఇంటి అటక మీదనో, కూలిన గోడ సందుననో తుప్పు పట్టిన పిస్తోలు ఒకటి బయటపడితే వింత లేదు. బయటపడినప్పుడు దానిని ఏమి చేయవలెననేదే ప్రశ్న.

దాని నిర్మాణం కొంత తెలిస్తేగాని అందులోని ధర్మాధర్మాలు తేలవు. అంతకు ముందరి జామగి తుపాకిలో నిప్పంటించిన వత్తి మందును ముట్టించేది. చెకుముకి తుపాకిలో ఆ వత్తి లేదు. మీట నొక్కగానే ముందుకు దూకే ఇనుప కొక్కెం ఒకటి ఉంటుంది. దానిని మనవారు చక్కగా ‘గుర్రం’ అన్నారు. గుర్రం నోటిలో రెండు దవడల నడుమ చెకుముకి రాయిని తోలుముక్కతో చుట్టి బిగిస్తారు. పై దవడను పట్టి ఉంచేది ఒక మర. రాయి ఎదుటనున్న ఉక్కుపలకను గీరుకొంటూ పోయి నిప్పురవ్వలు రాలుస్తుంది. ఆ దెబ్బకే పలక ముందుకు వాలి, దాని క్రింది రంజకపు గిన్నె తెరచుకొంటుంది. రవ్వలు రంజకంలో పడతాయి. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందును చేరుతుంది. ఇదంతా రెప్పపాటు పని. ఇందులో తరచుగా పోయేవి ఆ పై దవడ, దాని మర, గొట్టం క్రింద దోపి ఉంచే దట్టింపు కడ్డీ. రాయి అరిగినప్పుడల్లా మరను విప్పి బిగించవలసినదే గనుక, అది ఎక్కడనో జారిపోవటం సహజం. కడ్డీ చాలవాటిలో కొయ్యది, విరుగుతుంది. ఒక్కొక్కప్పుడు గుర్రమే విరిగిపోతుంది.

ఈ లోటు తీర్చటానికి సులభోపాయాలు రెండు కనిపిస్తాయి. రెండూ చెడ్డవే. నేటి అంగడిలో దొరికే మరను బలవంతంగా త్రిప్పి బిగించటం మొదటిది. మరల చుట్లకు ఒక సామాన్య ప్రమాణం ఉండవలెనని ఇంగ్లండులో విట్‌వర్త్ ప్రతిపాదించినది 1841లో. అంతకు ముందు తుపాకి పనివాడు తన పనిముట్లతో తన చుట్లు తానే కోసుకొన్నాడు. ఒక పిస్తోలు మర దాని జత పిస్తోలుకే పట్టకపోవచ్చు. కొత్త మరను పాత రంధ్రంలో దూర్చినప్పుడు లోపలి పాత చుట్లు తెగిపోతాయి. పోయినదానిని తెచ్చే ఆత్రంలో ఉన్నదానిని కూడ పోగొట్టుకొంటాము. రెండవది, మరొక పాత పిస్తోలును విప్పి దాని అంగాన్ని దీనికి అతకటం. ఒక గ్రంథపు ఆకులు తీసి మరొక గ్రంథంలో గ్రుచ్చినట్లే ఇది. రెండు గ్రంథాలూ చెడతాయి.

సరియైన మార్గం నెమ్మదిది. రంధ్రాన్ని శుభ్రపరచి, చుట్ల ఎడాన్ని కొలిచి, వాటికి సరిపడునట్లు కొత్త మరను ప్రత్యేకంగా కోయించవలె. జత పిస్తోలు ఉన్నచో దాని దవడను చూచి ఈ దవడను చేయించవచ్చు. జత లేనప్పుడు అదే కాలపు, అదే దేశపు పనిని చూచి చేయించవచ్చు. అచ్చుపోసి తీసేటప్పుడు లోహం చల్లారి కొంత కుదించుకొంటుంది గనుక ఆ కొలతను ముందే లెక్కించుకోవలె. మా ఆదవానిలో ప్రత్తి మిల్లుల యంత్రాలతో చేయి తిరిగిన లేతు పనివారికి ఇది అసాధ్యమైన పని కాదు. భయమంతా ఈ పని మరీ బాగా చేతనైనవారిని గూర్చియే. కొత్త ఇనుముకు ఆమ్లం పూసి, తుప్పు పట్టించి, పాతదనిపించే ఉపాయాలు లేకపోలేదు. అట్లా చేయిస్తే యజమాని సంతోషిస్తాడు. అతని కుమారునికి నిజం సగం తెలుస్తుంది. మనుమనికి ఆ అబద్ధమే చరిత్ర అవుతుంది.

మా ప్రాంతంలో ఆ అబద్ధానికి ఒక గొప్ప పేరు కూడ సిద్ధంగా ఉన్నది. అది టిప్పు సుల్తాను పేరు. శ్రీరంగపట్టణపు కార్ఖానాలలో తయారైన ఆయన ఆయుధాలు పులిచారల అలంకారానికి ప్రసిద్ధి. పిస్తోళ్ల జతలో ఒకదానికి కుడిప్రక్క, రెండవదానికి ఎడమప్రక్క యంత్రం అమర్చటం అక్కడి విశేషం. 2015లో లండనులో జరిగిన ఒక వేలంలో ఆయనవిగా చెప్పబడిన ఆయుధాదులు 60 లక్షల పౌండ్లకు పైగా పలికాయి. ఇంక ఆశకు అడ్డేమున్నది? చారలు లేని పిస్తోలుకు చారల గుర్రాన్ని అతికించటం ఎంతసేపటి పని? ఆదవానిలో దొరికినది గనుక టిప్పుదేననుకోవటం తొందరపాటు. బసాలత్ జంగు కొలువులోని ఫ్రెంచివానిది కావచ్చు, నిజాం సరదారుది కావచ్చు, కుంఫిణీ అధికారిది కావచ్చు, 1800 తరువాత తామస్ మన్రో అణచివేసిన పాలెగాండ్రలో ఒకనిది కావచ్చు. అంగుళం పొడవు లేని కొత్త ఇనుపముక్క ఆ ప్రశ్నకు శాశ్వతంగా తప్పుడు జవాబు చెప్పగలదు.

ఇంకొక సూక్ష్మమున్నది. 1840ల నాటికి చెకుముకి వెనుకబడి, దెబ్బకు పేలే చిన్న రాగి కేపులు వాడుకలోకి వచ్చాయి. పలువురు తమ పాత పిస్తోలు గుర్రాన్ని తీయించి, కేపును కొట్టే సుత్తిని పెట్టించుకొన్నారు. నేటి సంగ్రహకర్త దానిని చూచి, ఇది మొదటి రూపం కాదని ఆ సుత్తిని పెరికి మరల చెకుముకి గుర్రాన్ని నిలిపితే ఒక తరంవారి వాడుకను తుడిచివేసినట్లే. కావ్యంలో చేరిన ప్రక్షిప్త పద్యాన్ని కూడ మంచి పరిష్కర్త అధోజ్ఞాపికలో నిలుపుతాడు గాని పారవేయడు.

లుప్తభాగాన్ని పూరించే మర్యాద తెలుగువారికి కొత్త కాదు. పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమైనవని ప్రతీతి. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలను వెలిగందల నారయ రచించారు. వారెవరూ ఆ స్కంధాలను పోతన పేర చెలామణి చేయలేదు. గద్యలలో తమ పేర్లే చెప్పుకొన్నారు. చదువరికి భాగవతమూ దక్కినది, సత్యమూ దక్కినది. ఎర్రన మాటేమిటని ప్రశ్నించవచ్చు. నన్నయ ఆరణ్యపర్వాన్ని నాల్గవ ఆశ్వాసంలో విడువగా, ఎర్రన శేషాన్ని పూరించి, దానిని కూడ రాజరాజనరేంద్రునికే అంకితంగా నిలిపాడు. అతుకు తెలియరాని నేర్పు ఆయనది. అయినా ఆ శేషం ఎర్రన పూరించినదని లోకమంతా ఎరుగును. నన్నయ గంటం ఎక్కడ ఆగినదో చెప్పగల విద్యార్థులు నేటికీ ఉన్నారు. పొందిక వేరు, దాపరికం వేరు.

ఈ నీతిని ఎమ్మిగనూరు మగ్గం కూడ చెబుతుంది. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘాన్ని స్థాపించిన ఊరు అది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు తరువాత పోగుగా అతుకుతాడు. అతుకు గట్టిగా ఉండవలె, నేతకు అడ్డు రాకుండవలె. అంతేగాని అక్కడ అతుకు లేదని ఎవరూ ప్రమాణం చేయరు. కట్టడాల సంరక్షణను గూర్చి 1964లో వెనిసు నగరంలో సమావేశమైన విశేషజ్ఞులు చేసిన తీర్మానంలోని సారం కూడ ఇంతే: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవలె, పూరించిన అంగం మొత్తంతో పొందికగా ఉంటూనే, అసలుదానికంటె వేరని గుర్తింపదగినదై ఉండవలె.

అసలు ముట్టుకోనే వద్దనేవారున్నారు. వారి భయంలో న్యాయమున్నది. కాని గుర్రం నోరు లేని పిస్తోలును చూచిన బాలునికి నిప్పు ఎట్లా పుట్టినదో బోధపడదు. ఆ మేరకు పూరణ విద్యకు ఉపకారం. తళతళ మెరిపించి కొత్తదిగా చేయవలెననేవారూ ఉన్నారు. మెరుగుచక్రం క్రింద పెడితే తుప్పుతోపాటు చెక్కిన అక్షరాలూ, పొదిగిన బంగారు తీగె పనీ పోతాయని వారు గ్రహించవలె.

ఒక హెచ్చరిక మాత్రం నిర్మొహమాటంగా చేయవలసియున్నది. ఈ పూరణ చూపుకే గాని కాల్పుకు కారాదు. 1959 నాటి ఆయుధచట్టం పురాతన ఆయుధాలకు ఇచ్చిన మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకున్నా కాల్చటానికి పనికిరానివాటికే వర్తిస్తుంది. తుపాకుల మరమ్మతు వృత్తిగా చేసేవానికి లైసెన్సు ఉండవలె. కాబట్టి ఆకురాయి పట్టుకొనకముందే పోలీసు అధికారులకు తెలుపటం మేలు. భూమిలో దొరికిన నిక్షేపమైతే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపవలె. నూరేండ్లు దాటినది 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు; దానిని స్వంతదారు విదేశాలకు తరలించరాదు. అన్నిటికంటె ముందు, ఆ గొట్టంలో మందు ఇంకా దట్టించియే ఉండవచ్చునని మరువరాదు. తడి తగలని తుపాకిమందు ఏండ్లు గడచినా చావదు.

ఆదవానిలోనో ఎమ్మిగనూరులోనో ఇటువంటి వస్తువు గల గృహస్థులకు నా మనవి ఇది. పని మొదలు పెట్టకముందు నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. తీసిన ప్రతి విరుగుముక్కనూ పొట్లం కట్టి దాచండి. అతికినదానిని మరల విప్పటానికి వీలుండే విధంగా అతికించండి. వెల్డింగు జోలికి పోకండి. కొత్త అంగంపై, కంటికి ఎదురుగా లేని ప్రక్కన, చేసిన సంవత్సరాన్నీ చేసినవాని గుర్తునూ చెక్కించండి. దొరికిన చోటు, దొరికిన తీరు, పూరించిన అంగం పేరు తెలుగులో ఒక కాగితం మీద వ్రాసి దానితోపాటు ఉంచండి. ఆ కాగితానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అది లేకపోతే రేపటి చరిత్రకారుడు పడే శ్రమకు అంతు లేదు.

కాల్చే పని ఆ పిస్తోలు ఏనాడో చాలించినది. నేడు దానికి మిగిలిన పని తన కాలాన్ని గూర్చి సాక్ష్యం చెప్పటమొక్కటే. సాక్షికి ఊతకర్ర ఇవ్వవచ్చు. సాక్షి నోట మన మాట పెట్టరాదు.