కాఫీ మనది, లెక్క మాత్రం ఎవరో రాయాలా?



మన హాస్టళ్లకి క్లాస్ చెప్పడానికి ఎవరొచ్చినా అవే మాటలు: కానిస్టేబుల్, డీఎస్సీ, సచివాలయం, గ్రూప్స్. ఆ ఉద్యోగాలు తక్కువని మేం అనట్లేదు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. నెల జీతం విలువ మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ బీఏ ఎకనామిక్స్ చదువుతున్న మాకు ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ అని ఒకటుందని ఒక్కరూ చెప్పలేదు. తెలియక చెప్పలేదా? వీళ్లకెందుకులే అని చెప్పలేదా?

1961లో పెట్టిన సర్వీసు అది. పరీక్ష యూపీఎస్సీదే. చేరినవాళ్లు కేంద్ర మంత్రిత్వ శాఖల్లో ఆర్థికవేత్తలుగా పనిచేస్తారు. వాణిజ్య శాఖలో పడితే విదేశీ వ్యాపార ఒప్పందాలు, ఆర్థిక వ్యవహారాల విభాగంలో పడితే ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, జీ20 ఫైళ్లు.

"అవన్నీ మనకెందుకురా, ముందు పోడు పట్టా సంగతి చూడు" అనే అన్నలున్నారు. అన్నా, ఆ ఫైళ్లు మన పోడు గట్టు దాకా వచ్చేశాయి.

2009లో ఆసియాన్ దేశాలతో మన దేశం ఒప్పందం చేసుకుంది. అందులో వియత్నాం ఉంది, కాఫీ గుట్టలుగా పండించే దేశం. అప్పుడు కాఫీ, మిరియాల్ని ప్రత్యేక జాబితాలో పెట్టారు కాబట్టి సుంకం సున్నా కాలేదు. కాఫీ మీద 100 శాతం నుంచి 45కి, మిరియాల మీద 70 నుంచి 50కి ఏటా కొంచెం కొంచెం తగ్గించేలా రాసుకున్నారు. మన సిల్వర్ ఓక్‌కి పాకే మిరియం తీగ గురించి ఢిల్లీలో ఎవరో లెక్క కట్టారన్నమాట.

2023లో యూరప్ ఇంకో చట్టం చేసింది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని రానివ్వరు. తోట ఎక్కడుందో చూపించాలి. అమలు వాయిదా పడింది గానీ చట్టం పోలేదు. మరి అటవీ హక్కు పట్టా భూమిలో, నీడచెట్ల కింద కాఫీ వేసిన పాడేరు రైతుది అడవి నరికిన లెక్కా, నిలబెట్టిన లెక్కా? ఈ తేడా బ్రస్సెల్స్ వాళ్లకి ఎవరు చెప్పాలి? సంతలో కాఫీ కాటా వేయించుకున్న ఇంటి పిల్ల చెప్తే ఒకలా ఉంటది, ఫైల్లో చదివినవాళ్లు చెప్తే ఇంకోలా ఉంటది.

దారి కష్టమే, దాచం. ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. రాతపరీక్ష 1000 మార్కులు, అందులో 800 ఎకనామిక్స్‌వే. ఇంటర్వ్యూ 200. ఎస్టీలకి ఫీజు లేదు, వయసు 35 దాకా ఉంది, 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. పోస్టులే తక్కువ, కొన్నేళ్లు ఇరవై కూడా ఉండవు. అసలు గోడ వేరే ఉంది. పేపర్లన్నీ ఇంగ్లీషులోనే రాయాలి, లెక్కలు రావాలి. ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారు లేకుండా ఏళ్లు నడిపేసి, తర్వాత "మీవాళ్లు పోటీకి రారు" అంటే ఎలా?

అందుకే మేం అడిగేవి మూడే. ఆశ్రమ పాఠశాలల్లో లెక్కలు, ఇంగ్లీషు పోస్టులు ఖాళీగా ఉంచొద్దు. ఐటీడీఏ కోచింగ్‌లో గ్రూప్స్‌తో పాటు ఈ పరీక్ష కూడా పెట్టాలి. ఎకనామిక్స్ పీజీ చేసిన సీనియర్లు ఏడాదికి ఒక్కరోజు హాస్టల్‌కి వచ్చి పాత పేపర్ ముందేసి కూర్చోవాలి.

రూపాయి మారకం మీద అంబేడ్కర్ పుస్తకం 1923లోనే లండన్‌లో అచ్చయింది. డబ్బు లెక్క పెద్దోళ్ల సొత్తని ఆయన అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి?

బీఏ ఎకనామిక్స్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కింద మీ పేరు, ఊరు పెట్టండి. ఈ ఆదివారం నుంచే కలిసి చదువుదాం.

జై ఆదివాసీ! జై భీమ్!