గాయపడిన పిల్లికి మన మందులు వద్దు

మన సామెతల్లో పిల్లికి మర్యాద తక్కువ. పిసినారి సంగతి చెప్పాలంటే పిల్లికి కూడా బిచ్చం పెట్టడంటాం. చాటుగా తప్పుపని చేసేవాణ్ణి కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లితో పోలుస్తాం. ప్రయాణానికి బయలుదేరినప్పుడు పిల్లి ఎదురైతే ఇంట్లోకి తిరిగివచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ ఎదురుపడటంలో అపశకునం ఎవరికైనా ఉంటే అది పిల్లికే. అడ్డంగా వచ్చిన స్కూటరు దాని నడుము విరగ్గొట్టి వెళ్ళిపోతుంది.

ఈ వ్యాసం పిల్లుల మీద రాళ్ళు విసిరేవాళ్ళ కోసం కాదు. పాలగిన్నెలో మూతి పెట్టిందని మరిగే గంజి పోసేవాళ్ళ కోసమూ కాదు. వాళ్ళకు చెప్పవలసిన మాటలు వేరు. గాయపడిన పిల్లిని చూడగానే మనసు కరిగి, ఇంట్లోకి పరుగెత్తి, మందుల పెట్టె తెరిచే మీ వంటి పిల్లల కోసం ఇది. ఎందుకంటే ఆ పెట్టెలోనే పిల్లికి రెండో ప్రమాదం పొంచి ఉంది.

మనం జ్వరానికీ తలనొప్పికీ వేసుకునే పారాసిటమాల్ మాత్రనే తీసుకోండి. పసిపిల్లలకు కూడా డాక్టర్లు రాసే మందు గదా, చిన్న ముక్క పాలలో కలిపి ఇస్తే పిల్లికి నొప్పి తగ్గుతుందని అనుకోవడం సహజం. కాని 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, మూడు నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయడానికి. చిన్న ముక్క కూడా క్షేమం కాదు.

కారణం కాలేయంలో ఉంది. మనం మింగిన పారాసిటమాల్‌లో చాలా భాగానికి మన కాలేయం గ్లూక్యురానిక్ ఆమ్లం అనే పదార్థాన్ని తగిలిస్తుంది. అలా జోడుకట్టిన మందు నీటిలో తేలికగా కరిగి మూత్రంతో బయటికి పోతుంది. ఈ జోడుకట్టే పని చేసేది ఒక ఎంజైము. పిల్లిలో ఆ ఎంజైమును తయారు చేయవలసిన జన్యువు పనికిరాకుండా పోయింది. ఇది ఏ ఒక్క పిల్లికో వచ్చిన జబ్బు కాదు, జాతి మొత్తానికీ ఉన్న లక్షణం. మాంసమే తిని బతికే జంతువుకు మొక్కల్లోని విషాలను విరిచే ఏర్పాటు అంతగా అక్కర లేదు గనుక, ఆ జన్యువు చెడినా దానికి నష్టం కలగలేదని శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు. వేల ఏళ్ళపాటు నష్టం లేదు, నిజమే. మనిషి మాత్ర కనిపెట్టాక నష్టం వచ్చింది.

బయటికి పోలేని ఆ మందు పిల్లి ఒంట్లో విషంగా మారి, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. పాడైన హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. గులాబిరంగులో ఉండవలసిన చిగుళ్ళు మట్టిరంగుకు తిరుగుతాయి. మొహం, పాదాలు వాస్తాయి. పిల్లి గాలికోసం తన్నుకులాడుతుంది. విరుగుడు మందు ఉంది గాని అది పశువైద్యుడి చేతిలో ఉంటుంది, ఎంత త్వరగా పడితే అంత మేలు. మనం మాత్రను ప్రేమతో ఇచ్చామా, పగతో ఇచ్చామా అన్న తేడా కాలేయానికి తెలియదు.

గాయాన్ని కడగడానికి వాడే ఫినాయిల్, కార్బాలిక్ వంటి వాటి సంగతీ ఇంతే. ఫీనాల్ జాతి రసాయనాలను కూడా పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు. పైగా పిల్లి తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. ఒంటిమీద పూసిందల్లా కడుపులోకి పోతుందన్న మాట. పుండులో పురుగులు పడితే కిరోసిన్, టర్పెంటైన్ పోయడం మన ఊళ్ళలో పాత అలవాటు. పురుగులు చస్తాయేమో గాని చర్మం కాలిపోతుంది, మిగిలినది పిల్లి నాకుతుంది. కుక్కల ఒంటిమీది పేలకూ గోమార్లకూ వాడే పెర్మెత్రిన్ అనే మందు కూడా పిల్లికి ప్రాణాంతకమే. పసుపు అలాంటి విషం కాదు గాని, ముద్దగా మెత్తితే గాయం లోతు వైద్యుడికి కనబడకుండా పోతుంది.

మరి ఏం వాడాలి? కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు. రక్తంలో ఉన్న ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పుండును మండించదు. ఆసుపత్రిలో సీసాల్లో ఎక్కించే సెలైను పాళ్ళు కూడా ఇవే. మట్టి, రక్తం కడగడానికి ఇది చాలు. కాలిన గాయమైతే చల్లని మామూలు నీళ్ళు పది నిమిషాలకు తక్కువ కాకుండా మెల్లగా పోయాలి. సిరా, పళ్ళపేస్టు పూయకూడదు.

అసలు పిల్లికి ఎంత దెబ్బ తగిలిందో తెలుసుకోవడమే కష్టం. అది ఎలుకకు వేటగాడే గాని, కుక్కకు వేట కూడా. కాబట్టి నొప్పిని దాచుకుంటుంది. కుక్కపిల్లలాగా అరవదు, మూలకు పోయి ముడుచుకు కూర్చుంటుంది. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లి మొహం చూసి నొప్పిని అంచనా కట్టే పద్ధతి ఒకటి ప్రచురించారు. చెవులు పక్కలకు తిరిగి ఎడంగా ఉన్నాయా, కళ్ళు సగం మూసుకున్నాయా, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా ముందుకు సాగాయా, తల భుజాలకంటె కిందికి వాలిందా - ఈ ఐదూ చూడాలి. ఇందుకు పరికరాలేవీ అక్కరలేదు. దూరంగా నిలబడి మీరూ చూడవచ్చు, నోటుబుక్కులో రాసుకోవచ్చు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. పిల్లి ఎంత ఎత్తునుంచి పడ్డా కాళ్ళమీదనే వాలుతుంది, దానికేమీ కాదంటారు. మొదటి మాట చాలావరకు నిజం. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే 1894లో వరస ఫోటోలు తీసి, పడుతున్న పిల్లి గాలిలోనే ఒళ్ళు ఎలా తిప్పుకుంటుందో చూపించాడు. రెండో మాట తప్పు. 1987లో న్యూయార్కులో మేడలమీదనుంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలు ప్రచురించారు. చికిత్స పొందినవాటిలో నూటికి 90 బతికాయి. చూశారా, ఏమీ కాదు గదా అనకండి. చాలావాటికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, దవడలు విరిగాయి. పైగా పడినచోటనే చచ్చిపోయిన పిల్లిని ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? అవి ఆ లెక్కలోకి రానేలేదు. ఏ లెక్క చూసినా, లెక్కకు అందనివి ఏవి అని అడగడం మీరు ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. ఇది పిల్లులకు సంబంధించిన విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక పట్టుకోవడం. ఇది మీరు ఒంటరిగా చేయవలసిన పని కాదు, ఇంట్లో పెద్దవాళ్ళను పిలవండి. బాధలో ఉన్న పిల్లి, రోజూ అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. మందపాటి తువ్వాలు పైన కప్పి, తువ్వాలుతో సహా మెల్లగా ఎత్తి, గాలి ఆడేందుకు చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో ఉంచాలి. కాలు పట్టి లాగకూడదు. నడుము విరిగిందన్న అనుమానముంటే అట్టమీదికో చెక్కమీదికో జరిపి, కదలకుండా మోయాలి. విరిగిన కాలికి మీరు పుల్లలు కట్టబోకండి, విరిగిన ఎముక లోపల కండను కోస్తుంది. నోట్లో పాలు, నీళ్ళు పోయకూడదు. సొమ్మసిల్లిన జంతువుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం. పిల్లి ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలితే అది పడిపోతుంది. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెడితే మేలు.

కరిచినా రక్కినా వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లి పళ్ళు సూదుల్లాంటివి. పైకి చిన్న చుక్కగా కనిపించే గాటు లోపల లోతుగా ఉండి చీము పడుతుంది. రేబిస్ కుక్కలనుంచే కాదు, పిల్లులనుంచీ రావచ్చు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా వేస్తే రాదు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఆ టీకా ఇచ్చిన తొమ్మిదేళ్ళ కుర్రవాడు బతికి పెద్దవాడయ్యాడు. ఇంట్లో తిడతారని కాటును దాచిపెట్టే పిల్లలున్నారే, వాళ్ళ గురించే నాకు పిల్లులకంటె ఎక్కువ దిగులు.

కుంటుతున్న ప్రతి పిల్లినీ పట్టుకోవాలనీ లేదు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న కాలుతో, మూడు కాళ్ళతో కూడా పిల్లులు హాయిగా బతుకుతాయి. చక్కగా తింటూ, గోడలెక్కుతూ ఉన్నదాన్ని దాని మానాన వదిలేయండి. పట్టుకున్నది ఆడపిల్లి అయితే పొదుగు చూడండి. పాలతో ఉబ్బి ఉంటే ఏ అటకమీదో దాని పిల్లలు ఉన్నాయని అర్థం. తల్లిని ఆసుపత్రికి పంపి పిల్లల్ని మరిచిపోతే ఒకదాన్ని కాపాడి నలుగురిని చంపినట్టే.

ప్రభుత్వ పశువైద్యశాల గేదెలకూ ఎద్దులకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. పిల్లిని తీసుకువెళ్ళినా చూస్తారు, అడగండి. హైదరాబాదులో 1992నుంచి బ్లూక్రాస్ వంటి సంస్థలూ ఉన్నాయి. "మనుషులకే దిక్కులేదు, వీధిపిల్లికి వైద్యమా?" అని ఎవరో ఒకరు అనక మానరు. జీవుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటిగా 1976లో మన రాజ్యాంగంలో చేరిందని వాళ్ళకు చెప్పవచ్చు. నేనైతే ఇంకో మాట చెబుతాను: పిల్లి కోసం పశువైద్యుడు వెచ్చించే అరగంట ఏ రోగి నోటిదగ్గరినుంచీ లాక్కున్నది కాదు. కొన్నిసార్లు ఆ వైద్యుడు, ఇది బతకదు, బాధలేకుండా నిద్రపుచ్చడమే మంచిది అంటాడు. అది వినడం కష్టం. అయినా గోడ పక్కన మూడు రోజులు ఈగలు ముసురుతూ చావడంకంటె అదే దయ అని నా అభిప్రాయం.

వీధిపిల్లుల గాయాల్లో చాలా భాగం మగపిల్లుల కొట్లాటల్లో తగిలేవి. సంతానం కలగకుండా ఆపరేషన్ చేసిన మగపిల్లి తిరుగుడూ, కొట్లాటా రెండూ తగ్గిస్తుంది. అలాంటి పిల్లులకు గుర్తుగా ఒక చెవి కొసను తిన్నగా కత్తిరిస్తారు. దాన్ని గాయమనుకుని మళ్ళీ పట్టుకోకండి. చలి రాత్రుల్లో, వానల్లో పిల్లులు వెచ్చదనం కోసం కారు ఇంజను పక్కన దూరి పడుకుంటాయి. ఇంట్లో కారు ఉంటే, తెల్లవారి బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు గట్టిగా తట్టి, అరనిమిషం ఆగమని నాన్నగారికి చెప్పండి.