మొద్దులో దిగగానే నీరసించే రంపం

ఈ శీర్షికలో సాధారణంగా ఇతరుల యంత్రాలకు వచ్చిన జబ్బులను గురించి వ్రాస్తూ ఉంటాను. ఈసారి నా చేతివల్ల చెడిపోయిన ఒక యంత్రాన్ని గురించి వ్రాయవలసి వచ్చింది. జబ్బు చిన్నదే. ఖాళీగా ఉన్నప్పుడు చెవులు దిమ్మెక్కేలా మ్రోగే పెట్రోలు గొలుసు రంపం, మొద్దుమీద ఆనించగానే మూలిగి, వేగం తగ్గి, ఆగిపోతుంది. కాని ఆ జబ్బుకు నేను చేసిన వైద్యంవల్ల ఒక మనిషి ఒక వర్షాకాలపు సంపాదన పోగొట్టుకున్నాడు.

సూరత్ నగరంలో లింబాయత్ అనే పేట ఉన్నది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపట్ల ఎంత ఎక్కువగా ఉన్నాయంటే, సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. నేనూ మగ్గాల మరమ్మతు పనిమీదే అక్కడికి చేరినవాణ్ణి. మా వీధిలో నన్ను అన్నా అని పిలిచే ఒక నేతకార్మికుడు ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి, చివరకు చెట్లు కొట్టే పనిలోకి మారాడు. 2021 మే 17 రాత్రి తౌక్టే తుపాను సౌరాష్ట్ర తీరాన్ని తాకినప్పుడు, ఆ గాలికి సూరత్‌లో కూడా చెట్లు కూలాయి. మగ్గాలు సరిగా నడవని రోజులవి. రోడ్లకు అడ్డంపడిన కొమ్మలను కోసే ముఠాతో అతడు తాడు పట్టుకోవడానికి వెళ్ళాడు. రెండేళ్ళలో రంపం పట్టుకోవడం నేర్చి, అప్పుచేసి సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు. వర్షాలకు ముందు ఇళ్ళమీదికి వాలిన కొమ్మలు కొట్టించుకునేవారు ఎక్కువ. ఆ రెండు నెలల ఆదాయం అతనికి సంవత్సరంలో మిగతా పది నెలల లోటును పూడ్చేది.

2024 మే నెలలో ఒకనాటి ఉదయం అతడు రంపాన్ని నా దగ్గరకు తెచ్చాడు. "ఖాళీగ ఉన్నప్పుడు పులి లెక్క అరుస్తదన్నా, మొద్దుల వెడితె పిల్లయితది" అన్నాడు. నేను కార్బ్యురేటర్‌మీద ఉన్న స్క్రూలలో పై వేగానికి సంబంధించినదాన్ని పావు చుట్టు బిగించాను. ఇంజను కేకపెట్టి లేచింది. ఇద్దరమూ సంతోషించాము. ఆ మధ్యాహ్నమే, ఎండిన చింతమొద్దు కోస్తూ ఉండగా, ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్ ఒక ప్రక్క గీతలుపడి, సిలిండరు గోడకు అల్యూమినియం అంటుకుని ఉన్నది.

ఏమి జరిగిందో వివరించడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. ఈ చిన్న రెండు స్ట్రోకుల ఇంజన్లకు వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే వాటికి కందెన. స్క్రూను బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది. పెట్రోలుతోపాటు నూనె తగ్గుతుంది. లోపలికి వెళ్ళే చల్లని ఇంధనం తగ్గినకొద్దీ వేడి పెరుగుతుంది. అదే సమయంలో భారం లేని ఇంజను మరింత వేగంగా తిరిగి, వినేవానికి ఆరోగ్యంగా ఉన్నట్లు తోస్తుంది. చాలా రంపాలు భారం లేనప్పుడు నిమిషానికి 12,000 నుండి 14,000 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో కందెన కరవైతే చెడిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

కొత్త సిలిండరు, పిస్టన్ ఖరీదు రంపం ధరలో సగం దాటింది. అతనివద్ద అంత డబ్బు లేదు. ఆ వర్షాకాలమంతా తిరిగి రాత్రి పాళీలో మగ్గాలకు వెళ్ళాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

2025 మేలో అతడు పాతదొకటి కొని, అదే ఫిర్యాదుతో మళ్ళీ నా గుమ్మం ఎక్కాడు. "ఈసారి ఆ స్క్రూ మాత్రం ముట్టకన్నా" అన్నాడు. ముట్టనని మాట ఇచ్చాను. ఆ మాట ఇవ్వడంవల్లనే, మొదటిసారి చేయవలసిన పనులన్నీ రెండవసారి చేశాను.

మగ్గం మోటారు నీరసిస్తే మేము మొదట మోటారును విప్పము. మగ్గాన్ని చేత్తో త్రిప్పి చూస్తాము. ఎక్కడో ఏదో పట్టుకుంటున్నదేమో, పడుగు బిగుతు ఎక్కువైందేమో, బెల్టు జారుతున్నదేమో తెలుసుకుంటాము. ఖాళీ మగ్గం తిరగడం వేరు, గుడ్డ నేయడం వేరు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన ఈ సంగతి రంపం చేతికి రాగానే ఎలా మరిచిపోయానో నాకిప్పటికీ అర్థం కాదు.

కనుక మొదట అడగవలసినది: మొద్దులో ఆగుతున్నది ఇంజనా, గొలుసా? ఇంజను హోరుమంటూనే ఉండి గొలుసు మాత్రం ఆగితే అది క్లచ్ అరిగిన లక్షణం. ఇంజను వేగమే పడిపోతే అప్పుడు మన జబ్బు. అతని రంపం రెండవ తెగకు చెందినది.

తరువాత ఇంజను ఆపి, ప్లగ్గు తొడుగు ఊడదీసి, మందపాటి చేతితొడుగు వేసుకుని, గొలుసును చేత్తో లాగి చూడాలి. ప్లగ్గు తొడుగు తీయకుండా గొలుసుమీద చేయి వేయవద్దు. బ్రేకు సడలించి ఉన్నప్పుడు గొలుసు పట్టాలమీద సాఫీగా జారాలి. మరీ బిగిస్తే, లేదా దానిని మోసే పట్టా గాడి అంచులు నలిగి దగ్గరపడితే, ఇంజను శక్తిలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. గొలుసుకు నూనె అందుతున్నదో లేదో కూడా చూడాలి. తెల్ల కాగితం ముందు పట్టా కొనను కొంచెం ఎడంగా ఉంచి వేగం పెంచితే, కాగితంమీద సన్నని నూనె చారిక పడాలి.

ఇక పళ్ళు. ఈ పళ్ళ చరిత్ర నాకు ఇష్టమైనది గనుక ఒక నిమిషం ఆగుతాను. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత పనివాడు, కలపను తొలిచే పురుగు పిల్ల ఒకటి మొద్దును అడ్డంగా, నిలువుగా అవలీలగా తొలుచుకుపోవడం గమనించాడు. దాని దవడలు కుడి ఎడమలకు మారి మారి కదులుతున్నాయి. ఆ ఆకారాన్ని ఉక్కులో చేసి గొలుసుకు బిగించాడు. నేటి రంపపు గొలుసులో ఒక పల్లు కుడికి, ఒకటి ఎడమకు ఉండడం ఆ పురుగు నేర్పినదే. పదునైన పల్లు కట్టెను గీకదు, చెక్కుతుంది. అందుచేత మంచి గొలుసు క్రింద పెళుసైన చిన్న చిన్న పేళ్ళు రాలాలి. పిండివలె సన్నని పొట్టు రాలుతున్నదంటే పదును పోయిందని అర్థం.

మా వాని గొలుసు క్రింద రాలినది పిండి. ధూళి పట్టిన వీధి చెట్ల బెరడులో ఇసుక ఉంటుంది. ఒక్క పూటలో పదును పోతుంది. గుజరాతులో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ అని పిలిచే మన సర్కారు తుమ్మ అయితే మరీ కష్టం. అతడు ఆకురాయితో పదును పెట్టుకున్నాడు గాని, ఇంకొక తప్పు చేశాడు. ప్రతి పల్లు ముందర ఒక చిన్న మూపురం ఉంటుంది. పల్లు ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది అదే. ఎక్కువ గొలుసులకు అది పల్లు కొనకంటె సుమారు 0.65 మిల్లీమీటరు మాత్రమే తగ్గి ఉండాలి. త్వరగా కోయాలనే ఆశతో అతడు వాటిని మరీ అరగదీశాడు. పల్లు తినగలిగినదానికంటె పెద్ద ముద్దను కరచి, మ్రింగలేక, ఇంజనును ఆపుతున్నది. ఆ గొలుసును బాగుచేయడం వృథా. కొత్తది వేయించాను. ఆకురాయి మందం గొలుసును బట్టి 4, 4.8 లేదా 5.2 మిల్లీమీటర్లు ఉంటుందని, పల్లుకు ఎక్కువగా 30 డిగ్రీల వాలు పెడతారని, మూపురాలకు వేరే కొలబద్ద దొరుకుతుందని చూపించాను.

కొత్త గొలుసుతో కోత బాగుపడింది గాని, ఇంజను నీరసం పూర్తిగా పోలేదు. అప్పుడు గాలి. వడపోత విప్పితే, రంపపు పొట్టు, నూనె కలిసి కంబళివలె పేరుకుని ఉన్నది. గాలి అందని ఇంజను పెట్రోలుతో ఉక్కిరిబిక్కిరి అయి గొణుగుతుంది. సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించాను. చోక్ సగం మూసి ఉండిపోలేదుకదా అని కూడా చూశాను. నవ్వకండి, అలాంటివి వస్తూనే ఉంటాయి.

తరువాత ఇంధనం. తొట్టిలోని చిన్న వడపోత మూసుకుపోతే ఖాళీ పరుగుకు చాలినంత పెట్రోలు అందుతుంది, భారానికి చాలదు. తొట్టిలోకి గాలి వచ్చే రంధ్రం మూసుకుపోతే కొన్ని నిమిషాలు నడిచి నీరసిస్తుంది; అప్పుడు మూత కొంచెం వదులుచేయగానే తేరుకుంటే దోషం అక్కడే. అతని రంపంలో ఈ రెండూ బాగానే ఉన్నాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బ్యురేటర్‌లోని పలుచని పొరలను గట్టిపరుస్తుంది. కలిపిన ఇంధనాన్ని నెలకు మించి దాచవద్దు. పని లేని రోజులలో తొట్టి ఖాళీ చేయడం మంచిది.

ఇక మిగిలినది పొగ పోయే దారి. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి సైలెన్సర్ విప్పాను. నిప్పురవ్వలు బయటకు రాకుండా దానిలో ఒక సన్నని ఇనుప జల్లెడ ఉంటుంది. అందులో వెలుతురు దూరే సందు కూడా లేదు. నల్లని జిగురు మసి కప్పేసింది. లోపలి పొగ పోనిదే కొత్త గాలి లోపలికి ఎలా వస్తుంది? సైలెన్సర్ తీసిన రంధ్రంలోనుండి పిస్టన్ ప్రక్క కనిపిస్తుంది. టార్చి వేసి చూసేటప్పుడు నా చేయి వణికిందని ఒప్పుకుంటాను. ఒక్క గీత లేదు, నున్నగా ఉన్నది.

అంత మసి ఎక్కడిది? "నూనె ఎంత కలుపుతున్నావు తమ్మీ?" అని అడిగాను. అతడు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, లీటరు పెట్రోలుకు అందాజాగా పోస్తానన్నాడు. పోసి చూపించమన్నాను. కొలిస్తే 60 మిల్లీలీటర్లు దాటింది. ఆ రంపానికి తయారుదారు చెప్పినది 50కి 1 వంతు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. (25కి 1 వంతు కోరే రంపాలూ ఉన్నాయి, వాటికి 40. తొట్టి మూతమీదనో పుస్తకంలోనో ఉన్న లెక్కయే ప్రమాణం.) "మొదటిది నూనె లేక కాలిందంటివి గదన్నా. అందుకే దీనికి తక్కువ చెయ్యలే" అన్నాడు.

నేను నిరుడు పావు చుట్టు త్రిప్పిన స్క్రూ, ఈ ఏడు ఈ జల్లెడలో మసిగా పేరుకున్నది. నూనె ఎక్కువైతే ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నూనె ఆక్రమించినంత మేరకు పెట్రోలు తగ్గుతుంది గనుక, రక్షణకోసం ఎక్కువ పోసినవాడే మిశ్రమాన్ని పలుచన చేస్తున్నాడన్నమాట. ఈ మాట అతనికి చెప్పాను గాని, నమ్మినట్లు కనిపించలేదు.

జల్లెడను ఇనుప కుంచెతో శుభ్రం చేసి బిగించాము. ప్లగ్గు మార్చాము. వీధిచివర కొట్టివేసిన వేప దుంగ ఒకటి ఉంటే, దానిమీద పెట్టి చూశాడు. రంపం తన బరువుతోనే దిగిపోయింది. పేళ్ళు అతని పాదాలమీద రాలాయి. కార్బ్యురేటర్‌ను ముట్టలేదు.

ఇన్నీ చేసినా బాగుపడని రంపాలు ఉంటాయి. వాటికి రెండు పరీక్షలు. ప్లగ్గు తొడుగు తీసి, స్టార్టరు తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాలిలో వ్రేలాడదీయండి. ఆగి ఆగి మెల్లగా జారితే సిలిండరులో బిగువు ఉన్నట్లు. జారుమని ఒక్కసారిగా దిగిపోతే పిస్టన్, రింగులు అరిగినట్లు. ఖాళీ వేగం తనంతట తాను పెరిగి తగ్గుతూ ఉంటే ఎక్కడో దొంగగాలి దూరుతున్నది. దానిని స్క్రూతో సరిదిద్దబోతే నేను చేసినదే మీరూ చేస్తారు. స్క్రూ త్రిప్పక తప్పనిచోట, వడపోత శుభ్రంగా, గొలుసు పదునుగా, ఇంజను వెచ్చగా ఉండగా, ముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉన్నదో వ్రాసుకోండి. పూర్తి వేగంలో భారం లేనప్పుడు ఇంజను గొంతులో కొంచెం తడబాటు వినిపించాలి, మొద్దులో దిగగానే ఆ తడబాటు పోవాలి. భారం లేకుండానే గొంతు నున్నగా కీచుమంటే, వెంటనే తెరవండి. ఆ కీచునే నేను 2024లో ఆరోగ్యమనుకున్నాను.

మరునాడు ఉదయం అతడు పనికి వెళుతూ నా అరుగుమీద కూర్చుని పెట్రోలు కలిపాడు. ఇంట్లో పిల్లల దగ్గుమందు సీసామీది 10 మిల్లీలీటర్ల కొలత గిన్నె ఉంటే ఇచ్చాను. రెండు గిన్నెలు పోశాడు. మూడవదానికి నూనె సీసా వంచబోయి, నా వైపు చూసి ఆగాడు.