నీళ్ళు పోసుకుంటూ తోలడం పొదుపు కాదు



మన ఊళ్ళల్లో పాత జీపు ఉన్న ఇంట్లో ఒక వస్తువు తప్పకుండా ఉంటది. సీటు వెనకాల నీళ్ళు నింపిన ఐదు లీటర్ల నూనె డబ్బా. బండి తీసేముందు రేడియేటర్లో కొన్ని, పొలం దగ్గర కొన్ని, ఇంటికొచ్చాక ఇంకొన్ని. ఎవరన్నా అడిగితే "ఏం లేదన్నా, కొంచెం కారుతోంది, పోసుకుంటూ తోలుతున్నా" అంటాం. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. మన జీపుల్ని గతుకుల రోడ్లకన్నా ఈ డబ్బానే ఎక్కువ పాడుచేస్తోంది.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ముందు చూడండి. హోస్ పైపు పగిలిందా, క్లిప్పు వదులైందా, రేడియేటర్ చిల్లు పడిందా? ఇవేవీ కాకపోతే చాలాసార్లు దొంగ వాటర్ బాడీనే. షెడ్లో మెకానిక్ వాటర్ బాడీ అన్నా, షాపులో వాటర్ పంపు అన్నా ఒకటే. మన మోనోబ్లాక్ మోటారులో ఏముంటాయో ఇందులోనూ అవే: షాఫ్టు, బేరింగు, సీలు, ఇంపెల్లర్. కరెంటు బదులు ఫ్యాన్ బెల్టు తిప్పుద్ది, అంతే తేడా.

సీలుకూ బేరింగుకూ మధ్యలో, బాడీ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది తయారుచేసినోళ్ళు కావాలని పెట్టిందే. సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా అక్కడినుంచి బయటికి కారాలి, మనకు కనపడాలి. అంటే అది బండి మనకు చెప్పే మాట. ఆ రంధ్రానికి ఎం-సీల్ కొట్టి "కారడం ఆగిపోయింది" అనేవాళ్ళున్నారు. కారడం ఆగలేదు, నీళ్ళు దారి మార్చి బేరింగులోకి పోయినాయి. గ్రీజు కొట్టుకుపోద్ది, బేరింగు అరుస్తది, షాఫ్టు ఊగుద్ది. మన పాత జీపుల్లో ఎక్కువ వాటికి ఫ్యాను ఆ షాఫ్టు మీదనే బిగించి ఉంటది. అది ఊగి ముందుకొచ్చిందంటే రేడియేటర్ని కోసేస్తది. సీలు దగ్గర తేలిపోవాల్సిన పని రేడియేటర్ దాకా వస్తది. అప్పటికీ ఆపకపోతే హెడ్డు దాకా పోద్ది.

"నిదానంగానే తోలుతున్నాం కదా, ఏమవుద్ది" అంటారు. ఫోర్ వీల్ బండికి ఆ నిదానమే ప్రమాదం. రోడ్డు మీద వేగంగా పోతుంటే ఎదురుగాలి రేడియేటర్ను చల్లబరుస్తది. నల్లరేగడి బురదలో ఫోర్ వీల్ వేసి, లో గేరులో లోడు లాగేటప్పుడు ఇంజిన్ గట్టిగా తిరుగుద్ది, బండి మాత్రం మనిషి నడకంత పోద్ది. ఎదురుగాలి ఉండదు. అప్పుడు ఇంజిన్ను కాపాడేవి ఫ్యానూ వాటర్ బాడీ రెండే. మనం ఫోర్ వీల్ బండి ఉంచుకున్నదే ఆ పనికి కదా.

ఇక పోసే నీళ్ళ సంగతి. నల్లగొండ, అనంతపురం, ప్రకాశం లాంటి జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఎంత కఠినమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాగు అడుగున తెల్లగా పేరుకుంటది. డ్రిప్పు లేటరల్స్ మూసుకుపోతే యాసిడ్ పెట్టి కడుగుతాం. డ్రిప్పుకి పనికిరాదని తెలిసిన నీళ్ళనే తీసుకెళ్ళి జీపులో పోస్తాం! ఒకసారి నింపి వదిలేస్తే అందులో ఉన్న సున్నం కొంచెమే. రోజూ పోస్తూ ఉంటే రోజూ కొత్త సున్నం లోపలికి పోతది. రేడియేటర్ గొట్టాలు ఇరుకైపోతాయి, ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు రజను సీలును గీస్తుంది. కొత్త సీలు కూడా తొందరగా పోయేది అందుకే.

కూలెంట్ అంటే రంగు నీళ్ళు కాదు. తుప్పు పట్టనీయదు, తొందరగా మరగనీయదు. డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపితే మన ఎండలకు చాలు. కలిపి అమ్మేది కొంటే మళ్ళీ నీళ్ళు కలపొద్దు. రెండు రకాల కూలెంట్లు కలిపి పోయొద్దు. రెండేళ్ళకోసారి దింపి మార్చండి. ఒక జాగ్రత్త: మామూలు కూలెంట్ తియ్యగా ఉంటది, విషం. దింపింది నేలమీద వదిలితే కుక్కలు నాకుతాయి, పశువులు తాగుతాయి. డబ్బాలో పట్టి దూరంగా పెట్టండి.

ఇంకో అలవాటు మీద కూడా నాకు గట్టి అభ్యంతరం ఉంది. బండి హీటెక్కుతోందంటే చాలు, చాలా షెడ్లలో మొదట చేసే పని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. ముల్లు దిగినట్టు కనపడుద్ది, మనమూ సంతోషపడతాం. కానీ డీజిల్ ఇంజిన్ తగినంత వేడి మీద నడవాలి. చల్లగా నడిస్తే డీజిల్ సరిగా కాలదు, పొగ ఎక్కువవుద్ది, బోరూ రింగులూ తొందరగా అరుగుతాయి. పైగా అసలు జబ్బు అట్లాగే ఉంటది. వాల్వు మంచిదో కాదో తెలియాలంటే దారం కట్టి గిన్నెలో నీళ్ళల్లో వేలాడదీసి కాచండి. దాని మీద డిగ్రీలు కొట్టి ఉంటాయి. ఆ వేడి దగ్గర తెరుచుకుంటే బాగున్నట్టే.

ఎదురు మాట కూడా ఉంది, నేను విన్నాను. "పాతికేళ్ళ బండికి కొత్త బాడీ ఎందుకు, సీలు మారిస్తే సరిపోద్ది కదా?" షాఫ్టు గీతలు పడి ఉంటే దాని మీద కొత్త సీలు నిలవదు. పైగా బేరింగు వయసూ ఆ సీలు వయసే. సీలు ఇవాళ, బేరింగు మూడు నెలలకు, రెండుసార్లు కూలీ. అందుకే మొత్తం బాడీ మార్చడమే నయమంటాను. మీ ఇంజిన్‌కు కొత్తది దొరకని పరిస్థితి అయితే షాఫ్టు, బేరింగు, సీలు మూడూ కలిపి ప్రెస్సు మీద మార్చే మంచి పనివాడి దగ్గరికే ఇవ్వండి.

"కొత్తది వేసినా ఆగలేదు" అనే వాళ్ళు ఈ నాలుగూ చూసుకోవాలి.

ఒకటి, సరైన సామాను. బండి పేరు చెప్పి కొనొద్దు. ఎంఎం 540కి 2112 సీసీ ప్యూజో ఇంజిన్ ఉండేది, కానీ ఊళ్ళల్లో తిరిగే వాటిలో ఇంజిన్ మార్చేసి డీఐ ఎక్కించినవి ఎన్నో. పాత బాడీ చేతిలో పట్టుకెళ్ళి షాఫ్టు పొడవు, బోల్టు రంధ్రాలు, ఇంపెల్లర్ రెక్కలు తిరిగిన వైపు పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు, అతికే ముఖం. పాత ప్యాకింగ్ మొత్తం గీకి శుభ్రం చేయాలి, లోహం మీద గాట్లు పడకూడదు. గమ్ము పల్చగా చాలు. ఎక్కువ పూస్తే లోపలికి ఊడి రేడియేటర్లో అడ్డం పడుద్ది. బోల్టులు ఒకేసారి గట్టిగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

మూడు, బెల్టు. మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. తీగలాగా బిగిస్తే కొత్త బేరింగు కూడా పోద్ది. వదులైతే పంపు తిరగదు. పాత బెల్టు పగుళ్ళిచ్చి ఉంటే దాన్నీ, మెత్తబడిన హోసుల్నీ అదే రోజు మార్చండి.

నాలుగు, గాలి. నింపాక మూత తీసే ఉంచి ఇంజిన్ నడపండి. పై హోసు వేడెక్కాక నీళ్ళు దిగుతాయి, మళ్ళీ నింపి అప్పుడు మూత పెట్టండి. మూతకు స్ప్రింగు, రబ్బరు బాగుండాలి. ఆ ఒత్తిడి లేకపోతే నీళ్ళు ముందే మరుగుతాయి.

దారిలో మరిగిందా? ఆపేసి కనీసం అరగంట ఆగండి. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుద్ది. మరుగుతున్న ఇంజిన్లో చల్లటి నీళ్ళు పోస్తే హెడ్డు పగుల్తది. హెడ్డు దింపి, ఫేసింగ్ కొట్టించి, గ్యాస్కెట్ వేసే ఖర్చులో వాటర్ బాడీ ధర ఎంతో మీ మెకానిక్‌నే అడగండి. ఆ వారం రోజులు కోతలప్పుడు బండి లేకపోతే బాడుగ ఎంతో మీకే తెలుసు. రాత్రిపూట వాన పడి మట్టిరోడ్డు తెగితే పురిటి మనిషిని తీసుకెళ్ళడానికి ఊరంతా చూసేది ఆ పాత జీపు వైపే. అప్పుడు దారిలో ఆగితే దాని ఖర్చు ఎవరూ లెక్క కట్టలేరు.

రేపు పొద్దున బండి తీయకముందు, ఇంజిన్ ఆపి చల్లగా ఉన్నప్పుడే, తాళం చేతిలో పెట్టుకుని ఫ్యాను రెక్కలు పైనా కిందా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. కదిలితే బేరింగు పోయినట్టు. బాడీ అడుగున వేలు పెట్టి తుడవండి. తడి తగిలినా, కారి ఎండిన మరక కనపడినా సీలు పోయినట్టు. రెండింట్లో ఏది ఉన్నా ఈ వారమే మార్పించండి. మళ్ళీ డబ్బా నింపకండి.